తుడిచిన చెయ్యి

ఆండాలు తలుపు తీసేసరికి, మూడు ఊళ్ల బడుల వచ్చే ఏటి చదువంతా గోడ మీద నుంచి మాయమైపోయి ఉంది.

చేతిలోని చీపురు జారి కింద పడింది. ఆమె వచ్చింది హాలు ఊడవడానికి. హైదరాబాదు నుంచి విద్యాశాఖ పెద్దసారు వస్తున్నాడు, గడప ముందు ఇంత ముగ్గు వేసి రమ్మని మొగుడే తన తాళంచెవి ఇచ్చి పంపించాడు. నిన్న పొద్దుగూకే వేళ ఆమె తాళం వేయించినప్పుడు, ఈ గోడంతా, మసి పూసి నల్లగా చేసిన ఈ పొడుగాటి గోడంతా, ఈ మూల నుంచి ఆ మూల దాకా సుద్ద అక్షరాలతో నిండి ఉంది. సూర్యాపేట ఒక వరుస, కోదాడ ఒక వరుస, మిర్యాలగూడ ఒక వరుస. ఇప్పుడు అక్కడ తెల్లటి చారలు తప్ప ఏమీ లేవు.

పోలీసు యాక్షను అయినాక వచ్చిన రెండో ఎండాకాలం అది. యాక్షను దాకా బళ్లల్లో చదువంతా ఉర్దూలోనే. ఇక మీదట తెలుగులో చెప్పాలన్నారు. ఎట్లా చెప్పాలో మాత్రం ఏ ఊరికి ఆ ఊరు తేల్చుకుంది. కోదాడ బడి బెజవాడ వైపు నుంచి పుస్తకాలు తెప్పించుకుని గబగబా ముందుకు పోయింది. మిర్యాలగూడలో పాత ఉర్దూ మాటలనే తెలుగు అక్షరాల్లో రాసి నడిపిస్తున్నారు. సూర్యాపేట రెంటికీ మధ్య ఊగుతోంది. ఇంతలో మూడు ఊళ్లకూ కలిపి ఒకటే పరీక్ష పెట్టారు. ప్రశ్నలు కోదాడలో తయారయ్యాయి. త్రిభుజం గీయమంటే తక్కిన రెండు ఊళ్ల పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు అది ముసల్లస్. గీయడం వచ్చు, గీయమన్నది దాన్నేనని తెలియదు. ఆండాలు దగ్గర చదివే నీలా, లెక్క పూర్తిగా చెవిన పడకముందే జవాబు చెప్పే పిల్ల, ‘నాకు లెక్కలు రావంటమ్మా’ అని ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. మళ్లీ బడికి రాలేదు. ఇప్పుడు కలుపు తీయడానికి పోతోంది.

ఆ పిల్ల మొహం ఆండాలును నిద్రపోనియ్యలేదు.

ఆండాలు మొగుడు పర్వతాలు సూర్యాపేట బడికి హెడ్మాస్టరు. మూడు బడులకూ ఒకే పద్ధతి తేల్చి చూపించమని పైవాళ్లు ఆయనకే చెప్పారు. ‘నాకు యాడ తీరుతది? నువ్వు పోయి వాళ్లతోని మాట్లాడిరా. వచ్చి నాకు జెప్పు’ అన్నాడాయన. ఆండాలు ఆ బడిలో ఆడపిల్లలకు పాఠాలు చెబుతుంది గాని పంతుళ్ల పేర్లలో ఆమె పేరు లేదు. హెడ్మాస్టరు పెండ్లాముకు కొలువేంది, లోకం నవ్వుతదని ఆయనే వద్దన్నాడు. పేరు లేని పంతులమ్మ పొద్దున్నే వంట చేసి, మూత పెట్టి, బస్సెక్కేది. కోదాడ పోయింది. నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయింది. దుమ్ము కొట్టుకుని పొద్దు వాలినాక వచ్చి పొయ్యి అంటించేది. రొట్టె కాలుతుండగా మూడు ఊళ్ల ముచ్చట ఆయనకు వినిపించేది. ఆయన ‘ఊఁ, ఊఁ’ అనేవాడు. మర్నాడు బడిలో పంతుళ్లతో ‘నేనేమి ఆలోచించిన్నంటే’ అని మొదలుపెట్టేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆండాలుకు, తను వండిన కూరను ఎవరో తమ ఇంటి కూరని పంచిపెడుతున్నట్టు ఉండేది. అయినా ఊరుకుంది. కూర అందరికీ అందితే చాలుననుకుంది.

చివరికి నిన్న కోదాడ నుంచి పంతులమ్మ రూతమ్మ, మిర్యాలగూడ నుంచి మల్సూర్ సారు వచ్చి ఈ గోడ ముందు కూర్చుని కొట్లాడి, తుడిచి, రాసి, మళ్లీ కొట్లాడి ఒక దారికి వచ్చారు. మొదటి ఏడు తెలుగు మాట పక్కనే ఉర్దూ మాట ఉండాలి. కోదాడ కాస్త ఆగాలి, మిర్యాలగూడ కాస్త ఉరకాలి. ఇక అసలు సంగతి: ఏ ఊరి పంతులూ తన ఊరి పిల్లలకు ప్రశ్నలు రాయకూడదు. కోదాడ రాసింది సూర్యాపేటకు, సూర్యాపేట రాసింది మిర్యాలగూడకు, మిర్యాలగూడ రాసింది కోదాడకు. అప్పుడు పక్క ఊళ్లో ఏం చెబుతున్నారో తెలుసుకోక ఎవరికీ తప్పదు. ఆ ఆలోచన ఆండాలుది. మల్సూర్ సారు తొడ చరుచుకుని ‘వారెవ్వా బిడ్డా!’ అన్నాడు.

ఇదంతా గోడ మీద తప్ప ఇంకెక్కడా లేదు. ‘గిప్పుడే కాయితం మీద ఎక్కియ్యకు. పెద్దసారు సూసి సరే అన్నంక ఎక్కియ్యొచ్చు’ అన్నాడు పర్వతాలు. మూడు ఊళ్లూ ఒప్పుకున్న పద్ధతిని ఇవాళ పెద్దసారు చూస్తే బళ్లు తెరిచిన రోజు నుంచే అమలు. లేకపోతే ఎవరి బడి వాళ్లది, ఎవరి దారి వాళ్లది. మళ్లీ అదే పరీక్ష. మళ్లీ ఇంకో నీలా.

ఆండాలు గోడ మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది. కింద బండల మీద నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. ఈ ఎండల్లో దోసెడు నీళ్లు పోస్తే చూస్తుండగా ఆరిపోతాయి. అంటే చెరిపింది రాత్రి కాదు. ఇప్పుడే. ఆమె ఇంట్లో చాయ్ కాస్తున్నప్పుడు.

“అమ్మా! ఏందిది?” గుమ్మంలో నీళ్ల కుండతో చప్రాసీ ఉప్పలయ్య కొయ్యబారి నిలబడ్డాడు. బడి తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి హెడ్మాస్టరు దగ్గర, రెండోది ఉప్పలయ్య దగ్గర.

ఆ వెనకే పర్వతాలు వచ్చాడు. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని. గోడను చూశాడు. ఒక్కసారి చూసి వెంటనే ఉప్పలయ్య మీదికి తిరిగాడు.

“ఖతం జేసినవ్ గదరా! రోజు బోర్డు తుడిసే అలవాటుతోని గిది గూడ తుడిసి పారేసినవా?”

“నా పిల్లల మీద ఒట్టు సారూ. నేను ఇప్పుడే వస్తున్న. ఇగో, కుండ గూడ దించలే.”

“తాళంచెవి నీ తాన గాక ఎవలి తానున్నది? పెద్దసారు రానీ, నీ కొలువు సంగతి ఆయన ముంగటనే తేలుస్త.”

అంతలో రూతమ్మ, మల్సూర్ సారు వచ్చారు. రూతమ్మ గోడను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో ప్రభువా! ఎవరు చేశారండీ ఈ పని?” అంటూనే ఆమె చూపు మల్సూర్ సారు మీదికి పోయింది. నిన్న ఒక్కో ఉర్దూ మాట కోసం పట్టుబట్టింది ఆయనే మరి.

“నా దిక్కు సూస్తవేందమ్మా? ముసల్లస్ పోతదని ముసలోడు గోడ తుడిసిండనుకుంటున్నవా? నా మాటలు గూడ పోయినయి గదా దీంతోని!” అన్నాడాయన ఉక్రోషంగా.

ఆండాలు వాళ్ల మాటలు వింటోంది గాని కళ్లు గోడ మీదే ఉన్నాయి. ఆ చారలు. తడిగుడ్డ కింద నుంచి పైకి నడిచింది. పై నుంచి సుద్దనీళ్లు కారి, తుడిచిన చోటంతా మళ్లీ పాడైంది. పాడైన చోట మళ్లీ రుద్దారు. మళ్లీ కారింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె తుడవని రోజు లేదు. లాంతరు చిమ్నీ, పొయ్యి గట్టు, అత్తగారి గది గచ్చు, దేవుడి గూడు. తుడిచే చెయ్యి పై నుంచి కిందికి వస్తుంది. ఎవరూ నేర్పరు, నాలుగు రోజులు చేస్తే చెయ్యే నేర్చుకుంటుంది. ఉప్పలయ్య రోజూ తుడుస్తాడు, అద్దంలా ఉంటుంది. మల్సూర్ సారు భార్య పోయి చాలా ఏళ్లయింది, తన గిన్నెలు తనే తోముకుంటాడు, మిర్యాలగూడలో ఆమె కళ్లారా చూసింది. రూతమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ఈ గోడను తుడిచిన చెయ్యి జన్మలో దేన్నీ తుడవలేదు.

ఒక ఆలోచన తోక కదిల్చింది. ఆండాలు దాన్ని అక్కడే కాలితో తొక్కిపట్టింది. ఛీ, ఎంత మాట.

“రాద్దాం” అంది గట్టిగా.

“ఆఁ?” అన్నారు అందరూ.

“మల్లా రాద్దాం. గోడ మీద పోయింది గాని మనకాడ పోలేదు గద! సారూ, మీ వరుస మీరు రాయుండ్రి. రూతమ్మా, కోదాడది నువ్వు పట్టు. పెద్దసారు వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికొస్తది. ఉరకాలె!”

ఎవరో పరుగుపందెం మొదలుపెట్టినట్టు అయింది. ఉప్పలయ్య సుద్దముక్కల డబ్బా ఎత్తుకొచ్చాడు. మల్సూర్ సారు ధోవతి ఎగ్గట్టి బల్ల ఎక్కాడు. “జమా, కూడిక. తఫ్రీఖ్, తీసివేత. జర్బ్...”

“గుణకారం!” అంది రూతమ్మ తన మూల నుంచి.

“హెచ్చవేత అని రాయుండ్రి, పిల్లలకు అదే నోరు తిరుగుతది” అంది ఆండాలు.

“నిన్న గుణకారమే అన్నావు కద వదినా!”

“నిన్న తప్పన్న. తుడిసినోడు నాకు మేలే జేసిండు!”

రూతమ్మ పకపకా నవ్వింది. ఆండాలుకు ఒళ్లంతా పులకరించింది. సుద్దముక్క గోడ మీద టకటకలాడుతోంది. నిన్న ఎక్కడ ఎవరు అలిగారో, ఏ మాట దగ్గర ఎవరు దిగివచ్చారో అన్నీ వరుసగా గుర్తొస్తున్నాయి. నెలల తరబడి బస్సు కిటికీ పక్కన కూర్చుని తను ఆలోచించిందంతా చేతిలోకి దిగి పరుగెడుతోంది. నా బుర్రలో ఇంత ఉందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్లూ మొగుడికి చెప్పేసి ఖాళీ అయిపోయాననుకుంది.

“ఇగ చాలు తియ్యి” అన్నాడు పర్వతాలు. ఆయన గొంతు వింతగా ఉంది. “గిదంత అయ్యేది గాదు. పెద్దసారుకు నేను నోటితోనే జెప్త. అంత నా తలకాయల ఉన్నది. నువ్వు ఇంటికి వోయి వంట సూడు. ఆయన మనింట్లనే తింటడు.”

ఆమె రూతమ్మ వైపు చూసింది. “పో వదినా, తక్కినది మేం చూసుకుంటాం” అంది రూతమ్మ.

ఇంట్లో అత్తగారు సాలమ్మ గడపలోనే కూర్చుని ఉంది. “వచ్చినవా పంతులమ్మా! పొయ్యి సల్లగుంది, ఇంటికి పెద్ద దొర వస్తుండు. ఆ కిరస్తానామె తాగిన గ్లాసు లోపట పెట్టినవా ఏంది? ఊళ్లు తిరిగెటోళ్లకు ఇంటి మంచిచెడ్డలు యాడికెల్లి తెలుస్తయి! మా కాలంల మొగనికి తెల్వని ముచ్చట పెండ్లానికి తెల్వకపోయేది.”

ఆండాలు పప్పు పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోగా విడిచిన బట్టలు నానబెడదామని పెరట్లోకి పోయింది. బావి దగ్గర తట్టలో పొద్దున ఆయన విడిచినవి ఉన్నాయి. ధోవతి, బనీను, అడుగున ముద్దగా చుట్టిన కండువా.

కండువా తడిగా ఉంది. విప్పింది. నల్లటి మసి, దాని మీద తెల్లటి సుద్ద. పిండితే చేతిలోకి పాలలాంటి నీళ్లు కారాయి.

బావి గట్టు మీద కూలబడింది ఆండాలు. పొద్దున ఆయన వాకింగు నుంచి వస్తూ భుజం మీద కండువా లేకుండా వచ్చాడు. చూసింది గాని పట్టించుకోలేదు. దాన్ని ఎక్కడైనా పారెయ్యొచ్చు కదా. కాలువలో పడెయ్యొచ్చు. ఏ దొంగైనా చేసే పని అది. కానీ ఈ దొంగ బుద్ధిగా తెచ్చి ఆమె ఉతికే తట్టలో వేశాడు! తను విడిచిన బట్ట ఆ తట్టలో పడ్డాక ఏమవుతుందో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. మురికిగా పడుతుంది, తెల్లగా మడత పెట్టి వస్తుంది. మధ్యలో రెండు చేతులున్నాయని, ఆ చేతుల పైన రెండు కళ్లున్నాయని ఆయనకు తట్టలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనను ఎంత చూశాడో ఈ ఒక్క తడిగుడ్డ చెప్పేసింది. ఏడుపు రావాలి. రాలేదు. దానికి బదులు గుండె దడదడా కొట్టుకుంటోంది, బస్సు కదిలిపోతుంటే పరుగెత్తి ఎక్కినప్పుడు కొట్టుకున్నట్టు. ఉతికితే ఒక్క నిమిషం. సబ్బు పెట్టి, రెండు బాదులు బాది, తాడు మీద ఆరేస్తే ఉప్పలయ్య కొలువు పోతుంది, ఆయన పరువు ఉంటుంది, తనకు ఎప్పటిలాగే పొయ్యి ఉంటుంది. ఎన్ని మరకలు ఇట్లా చప్పుడు చెయ్యకుండా ఉతికేసింది! పంతుళ్ల ముందు ఆయన నోరు జారినప్పుడు సర్దింది. చెప్పిన మాట తప్పితే తన మతిమరుపు అని చెప్పింది. ఉతికీ ఉతికీ ఆయనకు తన మరకలే కనపడకుండా చేసింది తనే.

లేచింది. కండువాను తట్టలోనే వదిలేసి, తట్టను తీసుకుపోయి తన గదిలో పెట్టి గొళ్లెం పెట్టింది.

“అత్తమ్మా, పప్పు ఎనిపి చారు మీరు కాగబెట్టుండ్రి.”

“ఏందీ? ఏడికే?”

“బడికి. నా పనున్నది” అంటూనే ఆమె వీధిలోకి దిగిపోయింది. ‘నా’ అన్న మాట తన నోటి నుంచి రావడం ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆమె హాల్లోకి అడుగుపెట్టేసరికి జీపు వచ్చేసింది. మద్రాసు వైపు నుంచి హైదరాబాదు కొలువులోకి వచ్చిన పెద్దసారు, తెల్ల ప్యాంటు, చేతిలో టోపీ, గోడ ముందు నిలబడి ఉన్నాడు. రూతమ్మ, మల్సూర్ సారు ముప్పాతిక గోడ నింపారు. పరీక్షల వరుస మాత్రం ఖాళీగా ఉంది. దాని ముందు నిలబడి పర్వతాలు గడగడా చెబుతున్నాడు.

“...అంటే సార్, నేనేమి ఆలోచించిన్నంటే, మూడు ఊళ్లకు ఒకటే పరీక్ష...”

“అది పోయిన ఏడు పెట్టారుగా, రెండు ఊళ్ల పిల్లలు తప్పారుగా” అన్నాడు పెద్దసారు. “ఈ ఏడు తప్పరని ఏమిటండీ నమ్మకం? ప్రశ్నలు ఎవరు రాస్తారు?”

పర్వతాలు ఆగిపోయాడు. ఆయన తల దానంతట అదే పక్కకు తిరిగింది. ఇంట్లో కళ్లజోడు కనపడకపోతే ఎట్లా తిరుగుతుందో అట్లా, ఆండాలు కోసం. రొట్టె కాలుతుండగా ఆమె రెండుసార్లు చెప్పిన సంగతి అది. రెండుసార్లూ ఆయన ‘ఊఁ’ అన్నాడు.

ఆండాలు దగ్గరికి పోయి చెవిలో చెప్పొచ్చు. ఎన్నిసార్లు చెప్పలేదు! పెద్దసారు టోపీ చేతులు మార్చుకున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ టోపీ తలకెక్కుతుంది, జీపు కదులుతుంది.

ఆమె మొగుడి పక్క నుంచి నడిచి గోడ దగ్గరికి పోయింది. సుద్దముక్క తీసుకుంది.

“నేను జెప్త సార్. అది నా ఆలోచన.”

మూడు ఊళ్ల పేర్లు రాసి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బాణాలు గీసింది. గొంతు మొదట వణికింది, రెండో బాణానికి నిలబడింది. పెద్దసారు అడ్డు ప్రశ్నలు వేశాడు. కోదాడ పిల్లలు భిన్నాలు ముందే అయిపోగొట్టారు కదా, వాళ్లు ఊరికే కూర్చుంటారా? కూర్చోరు సార్, వాళ్లకు భూమి కొలతలు ముందుకు జరిపినం. మిర్యాలగూడ వెనకబడితే? వెనకబడితే కోదాడకు ప్రశ్నలు రాసేది వాళ్లే గద సార్, వాళ్ల పాఠం సదవకుండ ఎట్ల రాస్తరు? పెద్దసారు చప్పున నవ్వాడు.

“ఇది బావుందే! ఏమయ్యా, మీ ఊళ్లు దీనికి ఒప్పుకున్నాయా?”

“ఒప్పుకున్నం సార్. కొట్లాడి కొట్లాడి ఒప్పుకున్నం” అన్నాడు మల్సూర్ సారు. “మూడు ఊళ్లు తిరిగి చూసేదానికి కూడా ఈమే ఉండాలండీ, ఇంకెవరున్నా మేం మళ్లీ కొట్టుకుంటాం” అంది రూతమ్మ.

“తిరుగుతారా అమ్మా?”

ఇల్లు, పొయ్యి, అత్తగారు, లోకం, అన్నీ ఒక్క క్షణం ఆమె కళ్ల ముందు నిలబడ్డాయి. “తిరుగుత సార్. కానీ పంతుళ్లల్ల నా పేరు ఉండాలె.”

“ఉంటుంది. బళ్లు తెరవగానే మొదలుపెట్టండి.” రూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నలిపేసింది. ఆండాలుకు అరవాలనిపించింది, ఎగరాలనిపించింది, ఉన్నపళంగా నీలా ఇంటికి పరుగెత్తాలనిపించింది.

పెద్దసారు వెళ్లబోతూ గోడ మీది చారలు చూశాడు. “ఇంతకీ దీన్ని చెరిపిందెవరు?”

“మా చప్రాసీ సార్” అన్నాడు పర్వతాలు తొందరగా. “తెలివి లేనోడు. వాణ్ని ఇయ్యాలనే...”

తలుపు దగ్గర ఉప్పలయ్య రెండు చేతులూ జోడించాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఆండాలు మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంట్లో చాయ్ కావాలా అని అడిగేంత మెల్లగా అంది.

“మీ పొద్దుగాలటి కండువ నేను ఉతకలే.”

పర్వతాలు చెయ్యి ఖాళీ భుజం మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. ఆమె కళ్లల్లోకి చూశాడు. ఆమె పక్కకు తప్పుకోలేదు, చూపు దించుకోలేదు, ఆయన కోసం ఒక్క మాటా అందించలేదు. ఆయన పెద్దసారు వైపు తిరిగాడు.

“ఉప్పలయ్య గాదు సార్. నేనే తుడిసిన. ఎండాకాలం మొదలైనకాడికెల్లి మూడూళ్ల పంతుళ్లు నా ఇంటికి వస్తున్నరు. నేను తలుపు తీస్తె నా భుజం మీదికెల్లి లోపటికి సూసి, ఆండాలమ్మ ఉన్నదా అని అడుగుతున్నరు. పొద్దుగాల ఎవ్వలు రాకముందు వచ్చి గీ గోడంత సదివిన. సగం నాకు సమజ్ గాలే సార్. ఇంటికి వోయి ఆమెను అడిగితె జెప్పేది, నాకు తెలుసు, తిట్టకుంట జెప్పేది. గాని అడుగుడు నాకు శాతగాలే. తుడుసుడే శాతనయ్యింది.”